ఉసురుల లెక్క: ఒక మాయాగణం తయారీ డైరీ

మార్చి 2

ఈ రోజు పన్నెండు పేజీలు పక్కన పెట్టేశాను. నేను రాస్తున్న జానపద నవలలో కొండల్లో బతికే ఒక మాయాగణం ఉంది. పొడుగు చెవులు, వెన్నెల రంగు జుట్టు, మూడు వందల ఏళ్ల ఆయుష్షు, వేలు చూపిస్తే మెరుపు. మొదటి అధ్యాయాన్ని అన్న కూతురికి చదివి వినిపించాను. దానికి పదకొండేళ్లు. అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది.

“అత్తా, వాళ్లకు దాహం వేస్తుందా?”

నా దగ్గర జవాబు లేదు. వేసవి వస్తే బిందె నిండిందా లేదా అన్నదే పొద్దున్నే మొదటి మాటగా ఉండే కర్నూలు వీధిలో కూర్చుని, దాహమే తెలియని మనుషులను కల్పించాను. వాళ్లు ఏమి తింటారో, దేనికి భయపడతారో, ముసలితనంలో వాళ్లను ఎవరు చూస్తారో ఆలోచించనే లేదు. నగలూ ఆయుధాలూ ముందు వచ్చేశాయి. బతుకు రాలేదు.

కొత్త నోటు పుస్తకం తెచ్చాను. మొదటి పేజీలో రాసుకున్నది ఇంతే: ముందు నేల, తర్వాత ఒళ్లు, తర్వాత మాయ. ముఖం చిట్టచివర.

మార్చి 6

నేల అంటే మా దగ్గర ముందు రాయి. మా వంటింటి గట్టు కడప బండ. వరండాలో పరిచింది బేతంచెర్ల నాపరాయి. పెరట్లోని రోలు గ్రానైటు. మూడింటి మీదా నిమ్మకాయ పిండాను. రోలు మీద ఏమీ కాలేదు. నాపరాయి మీద సన్నని బుడగలు లేచాయి, చెవి దగ్గర పెడితే చిటపట వినిపించింది. తుడిచాక నునుపు పోయి తెల్లటి మచ్చ మిగిలింది. కడప బండ మీదా అంతే. అమ్మకు కోపం వచ్చింది. “గట్టు మీద పులుపు పడనివ్వకూడదని నీకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను కదా!” అంది. నిజమే, చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. అందులో ఒక కథ దాగి ఉందని ఇవాళే తెలిసింది.

సున్నపురాయి పులుపుకు కరుగుతుంది. వాన నీరు మట్టిలోంచి దిగుతూ అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలుచని ఆమ్లంగా మారుతుంది. అది రాతి పగుళ్లలో లక్షల ఏళ్లు ఇంకి ఇంకి గుహలు తొలుస్తుంది. మన బెలుం గుహలు అలా ఏర్పడినవే. ఆ వాయువే మనం వదిలే ఊపిరిలోనూ ఉంది.

ఇక్కడ కలం ఆగిపోయింది. ఊపిరితో రాయిని కరిగించే మనుషులు! మంత్రదండం అక్కర్లేదు. తడి రాతికి నోరు ఆనించి ఊదుతారు. వాన లక్ష ఏళ్లలో చేసే పనిని వాళ్లు ఒక పూటలో చేస్తారు. ఆ వేగం ఒక్కటే మాయ. మిగతాదంతా నేల ధర్మమే.

రాత్రి చాలా సేపు నిద్ర పట్టలేదు.

మార్చి 7

రాయలసీమ పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచి నవల పటం గీయడం మొదలుపెట్టాను. ఊళ్ల పేర్లు మారుస్తాను, రాళ్లను మాత్రం మార్చను. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు వైపు సున్నపురాయి. నల్లమలలోనూ, పెన్న చీల్చుకుపోయిన గండికోట దగ్గరా క్వార్ట్‌జైటు, ఊపిరికి కాదు కదా ఉలికి కూడా తేలిగ్గా లొంగని రాయి. పడమర గుత్తి, పెనుకొండ, లేపాక్షి వైపు గ్రానైటు గుండ్లు. నిమ్మరసానికి చలించని మా రోలు ఆ కుటుంబంలోదే.

అంతే, సరిహద్దులు వాటంతట అవే పడ్డాయి. నా గణం నాపరాతి నేల దాటితే మామూలు మనుషులు. వాళ్లను బంధించాలనుకున్న రాజు చెరసాలను ఎక్కడ కట్టిస్తాడు? గుత్తి కోటలాంటి గ్రానైటు కొండ నెత్తిన. ఈ ఒక్క ప్రశ్నకు జవాబుగా రెండు అధ్యాయాలు కళ్ల ముందు నిలిచాయి. మాయ ఎక్కడ పనిచేస్తుందో రాసినప్పుడు కాదు, ఎక్కడ పనిచేయదో రాసినప్పుడు నాకే ఆ లోకం మీద నమ్మకం కుదిరింది.

మార్చి 15

వారం రోజులు తప్పు దారిలో నడిచాను. ఊపిరి బిగబట్టి దాచుకునే పిసినారులు రాయిగా మారతారనీ, ధారాళంగా ఊదేవాళ్లు మెత్తగా ఉంటారనీ రాశాను. వినడానికి బాగుంది. అన్న జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతాడు. భోజనం అయ్యాక నోటు పుస్తకం తిరగేసి, “చెల్లీ, తలకిందులుగా రాశావు” అన్నాడు.

లేచి వెళ్లి, స్నానానికి బోరు నీళ్లు కాచే గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. లోపల తెల్లటి పొర అట్టకట్టి ఉంది.

“ఇది ఎందుకు కట్టింది? నీళ్లు కాగినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయింది. అది ఉన్నంతసేపే నీరు సున్నాన్ని మోయగలదు. అది పోతే సున్నాన్ని దించేస్తుంది. గుహ పైకప్పు నుంచి చుక్క వేలాడినప్పుడూ జరిగేది ఇదే. వాయువును దాచుకున్న నీటిలో కాదు, వదిలేసిన నీటిలో సున్నం పేరుకుంటుంది.”

గిన్నె చేతిలో పట్టుకుని చాలా సేపు కూర్చున్నాను. అంటే రాయి అయ్యేది పిసినారి కాదు, ఇచ్చినవాడు. ఊదిన కొద్దీ ఊదినవాళ్ల ఒంట్లో సున్నం పేరుకుంటుంది. మొదట వేలి కణుపులు, తర్వాత మోకాళ్లు, చివరికి పక్కటెముకలు. గోడలో ఎంత ఖాళీ చేస్తే ఒంట్లో అంత గట్టిపడుతుంది. నేను రాసుకున్న నీతికథ పోయింది, దాని స్థానంలో నిజమైన కష్టం వచ్చింది. మంచివాళ్లకే ముందుగా కాళ్లు పడిపోయే లోకం ఇది.

ముసలితనంలో ఎవరు చూస్తారన్న ప్రశ్నకూ జవాబు దొరికింది. కదలలేని పెద్దలను నీటి పక్కన నిలబెడతారు. వాళ్లు స్తంభాలవుతారు. రోజుకు ఒక్కసారి ఊపిరి తీస్తారు. పిల్లలు పడుకునే ముందు వెళ్లి ఆ స్తంభానికి చెవి ఆనించి, తాత ఊపిరి వినిపించేదాకా కదలరు.

మార్చి 23

బెలుం వెళ్లాను. బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల, అక్కడి నుంచి గుహలు. మా చిన్నప్పుడు ఇది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. కొలిచిన పొడవు 3,229 మీటర్లు, చూడటానికి తెరిచింది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. పైన చదునైన చేలు. కాళ్ల కింద ఇంత ఖాళీ ఉందని మెట్లు దిగేదాకా తెలియదు.

లోపల ఉక్క. గాలి ఆడటానికి ఏర్పాట్లు చేశారు కానీ, పది నిమిషాల్లో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గడియారం పట్టుకుని ఊపిరి లెక్కపెట్టాను. ద్వారం దగ్గర నిమిషానికి పదహారు. అన్నింటికన్నా లోతైన పాతాళగంగ దగ్గర, అంటే నేలకు 46 మీటర్ల కింద, ఇరవై నాలుగు. నా ఊపిరిని నేను ఇంత శ్రద్ధగా ఎప్పుడూ విన్నది లేదు. పాతాళగంగ సన్నని ధార. రాతి మీదుగా జారి చీకట్లోకి దిగి మాయమవుతుంది. దాని పక్కన నిలబడే మేనకోడలి ప్రశ్నకు జవాబు రాసుకున్నాను: వేస్తుంది, అందరికన్నా ఎక్కువగా వేస్తుంది. ఊపిరితో పాటు తడీ పోతుంది కాబట్టి, ఊదిన ప్రతిసారీ గొంతు ఎండిపోతుంది. అందుకే వాళ్ల ఊళ్లన్నీ కింది వాగుల పక్కనే. పైన మనుషులు బావి లోతు చేసిన ప్రతిసారీ కింద ఒక వాగు సన్నబడుతుంది. ఇద్దరికీ ఒకటే నీరు, ఇద్దరికీ దాహమే. ఈ కథకు దుర్మార్గుడు అవసరం లేదు.

పైకప్పులో నునుపైన గుంతలు, ఎవరో పెదవులు ఆనించి ఊదినట్టు గుండ్రంగా ఉన్నాయి. నీరు తొలిచిందని తెలుసు. అయినా ఒక్కో గుంత కింద నిలబడి, ఇక్కడ ఎవరి మోకాలు బిగుసుకుపోయిందో అనుకున్నాను.

1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. మళ్లీ దాదాపు వందేళ్లకు, 1982-83లో, గుహల పరిశోధకుడు గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి కొలిచింది. 2002లో సందర్శకులకు తెరిచారు. అంతకు ఎంతో ముందే ఇక్కడ జైన, బౌద్ధ భిక్షువులు బతికిన ఆనవాళ్లు ఉన్నాయి.

మార్చి 26

ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాక ఆగలేకపోతున్నాను. మనిషి రోజుకు 21,600 సార్లు శ్వాసిస్తాడని మన పెద్దలు చెప్పే లెక్క చిన్నప్పుడు విన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఈ రోజు కూర్చుని విప్పాను. ఆరు శ్వాసలు ఒక విఘడియ. అరవై విఘడియలు ఒక ఘడియ. అరవై ఘడియలు ఒక రోజు. ఆరును అరవైతో, మళ్లీ అరవైతో గుణిస్తే సరిగ్గా 21,600. ఘడియ అంటే 24 నిమిషాలు కాబట్టి శ్వాసకు నాలుగు సెకన్లు. పంచాంగంలో కాలాన్ని కొలిచే కొలత అడుగున ఉన్నది ఊపిరే!

నా గణానికి నాణేలు దొరికాయి. విఘడియ చిల్లర, ఘడియ నాణెం, రోజు బంగారం. నిజమైన బంగారంతో, ధాన్యంతో వాళ్లకు పని లేదు. ఒకరి ఊపిరిని మరొకరికి ఇవ్వవచ్చు, నోటితో చెవిలోకి ఊది. ఇవ్వగలిగినప్పుడు అప్పూ పుడుతుంది. అప్పు పుడితే వడ్డీ, వడ్డీ పుడితే పద్దు పుస్తకం, పద్దు పుస్తకం ఉంటే దాని ముందు తల వంచుకుని నిలబడే మనిషి. విత్తనాలకు అప్పు చేసి వానకు ఎదురుచూసే జిల్లాలో పుట్టినదాన్ని, ఆ మనిషి ఎలా నిలబడతాడో నేను ఎవరినీ అడగనక్కర్లేదు.

ఏప్రిల్ 1

పేరు దొరికింది. మూడు వారాలుగా సంస్కృత పేర్లు వెతుకుతున్నాను. అమ్మ ఫోనులో ఎవరితోనో “ఆ పిల్ల ఉసురు ఊరికే పోదు” అంటుంటే విన్నాను.

ఉసురు అంటే ప్రాణం, ఊపిరి. ఉసూరుమనడం, ఉసురు పోసుకోవడం, ఉసురు తగలడం... ఊపిరి మీద ఇన్ని మాటలు పెట్టుకుని నేను నిఘంటువులు తిరగేశాను! వాళ్లు ఉసురులు. ఉసురు తగలడం వాళ్ల లోకంలో పోలిక కాదు, జరిగే పని. ఇచ్చిన అప్పు తిరిగి రాకుండానే చనిపోయిన ఉసురు ఒంట్లోని సున్నమంతా, ఆ క్షణాన, తీసుకుని ఇవ్వనివాడి ఒంట్లోకి దిగుతుంది.

పక్కనే అసురులు అన్న మాట ఉంది. ఒక్క అక్షరం తేడా. పై రాజ్యపు లేఖకులు మొదట పొరపాటుగా, తర్వాత కావాలనే ఆ అక్షరం మారుస్తారు.

ఏప్రిల్ 9

ఆ లేఖకుల అధ్యాయం రాయబోయి, పాత ప్రతిలో నేనే రాసిన ఒక వాక్యం దగ్గర ఆగాను. మరో గణం గురించి “పుట్టుకతోనే దొంగలు” అని రాసి ఉంది. ఆ కాగితం చించేశాను.

ఈ నేల మీద ఆ మాటకు చట్టం కూడా ఉండేది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు, అందులో మా దత్త మండలాలూ, అంటే ఇప్పటి రాయలసీమ ప్రాంతమూ ఉంది. ఫలానా తెగలో పుట్టడమే నేరం. రోజూ హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. 1952లో రద్దయింది. ఆ కుటుంబాలను విముక్త జాతులు అన్నారు గానీ, ఊరి నోటి నుంచి ఆ ముద్ర చెరగడానికి చట్టం రద్దు చాలలేదు. ఒక గణానికంతా ఒకే గుణం అంటగట్టడం ఊహాలోకంలో చాలా తేలిక, ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం కింద బతికినవాళ్ల మనుమలు నా పాఠకుల్లో ఉంటారు.

అందుకే జాతి అన్న మాటను నా వాక్యాల్లోంచి తీసేసి గణం అని పెట్టుకున్నాను. జాతి అన్న మాటను లేఖకుల నోట మాత్రం ఉంచాను. ఉసురుల్లో పిసినారులు ఉంటారు, దాతలు ఉంటారు, రెండూ కానివాళ్లే ఎక్కువ.

ఏప్రిల్ 13

వ్యాకరణం అడ్డం పడింది. ఉసురు వచ్చాడు, ఉసురు వచ్చింది, ఉసురు వచ్చారు: ఏది రాయాలి? ఉసుడు, ఉసురి అని విడగొట్టి చూశాను. మేనకోడలికి ఉసిరికాయ గుర్తొచ్చింది. ఆడైనా మగైనా ఉసురు అనే ఉంచాను. అప్పుడు క్రియ తెలుగులో తప్పించుకోనివ్వదు. “వచ్చింది” అంటే మేకకూ అదే, అమ్మాయికీ అదే.

సాయంత్రానికి ఇదే నా చేతికి దొరికిన మంచి పనిముట్టు అని తెలిసింది. నవల మొదటి సగంలో పై రాజ్యపు అమ్మాయి చూపులో ప్రతి ఉసురూ “వచ్చింది”, “కూర్చుంది”. ముసలి ఉసురు తన పది ఘడియలు ఆమె చెవిలో ఊదిన రాత్రి తర్వాత, ఏ వివరణా లేకుండా, “లేచారు” అని రాస్తాను. ఇంకే మాటా చెప్పను.

మే 3

కలివికోడి గురించి చదివాను. 1848లో పక్షి శాస్త్రవేత్త జెర్డాన్ కనుగొన్న పక్షి. 1900 తర్వాత కనిపించక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర చిట్టడవిలో, రాత్రిపూట మళ్లీ దొరికింది. కానీ కలివి పొదల్లో తిరిగే కోడి అని దానికి తెలుగు పేరు ముందే ఉంది. పేరు పెట్టినవాళ్లు దాన్ని చూసే పెట్టి ఉంటారు. నా నవలలోనూ ఉసురులు ఇక లేరని రాజ్యం చాటింపు వేయిస్తుంది. గొర్రెల కాపరులు ఏమీ మాట్లాడరు.

మే 11

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్లాను. నవలకు ముఖం ఇప్పటికి కావలసి వచ్చింది, అది కాగితం మీద కాకుండా తోలు మీద చూడాలనిపించింది. అక్కడి తోలుబొమ్మల కళాకారుల ఇళ్లలో మేకతోలు శుభ్రం చేసి, వెలుగు సోకేంత పలుచగా చేసి, బొమ్మ గీసి, రెండు వైపులా రంగులు అద్ది, నగలున్న చోట ఉలితో రంధ్రాలు పొడుస్తారు. తెర వెనుక దీపం పెడితే ఆ రంధ్రాలే ముత్యాలు. చేతులూ కాళ్లూ విడిగా కోసి, కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు.

నేను గీసుకెళ్లిన బొమ్మను ఒక పెద్దాయన చాలా సేపు చూశారు.

“ఏ పాత్ర అమ్మా ఇది?”

“కొత్త పాత్ర అయ్యా. రాతిని ఊది కరిగించేవాళ్లు. కరిగించిన కొద్దీ వాళ్ల కీళ్లు బిగుసుకుపోతాయి.”

“మరి ఎన్ని కీళ్లు పెట్టమంటావు? కదిలే బొమ్మకు ఒక లెక్క, కదలని దానికి ఒక లెక్క.”

ముఖం కోసం వెళ్లిన నన్ను ఆయన కీళ్ల గురించి అడిగారు. కాసేపు ఆలోచించి ఆయనే చెప్పారు: అన్ని కీళ్లూ పెడదాం, ఆట సాగుతుండగా ఒక్కో కీలును రెండో దారంతో బిగించి కట్టేయవచ్చు, అప్పుడు చూసేవాళ్ల కళ్ల ముందే బిగుసుకుంటుంది. మణికట్టు, మోచేయి, భుజం, తుంటి, మోకాలు. ఛాతీ నిండా రంధ్రాలు మాత్రం నేను కోరాను. ఒక రంధ్రం ఆయన నా చేతే పొడిపించారు. వంకరగా వచ్చింది. సరిచేయబోయి, “ఉండనివ్వమ్మా, దీపానికి అది తెలియదు” అన్నారు.

బొమ్మ ముఖానికి పొడుగు చెవులు లేవు. నోరు కొంచెం ముందుకు, ఊదబోతున్నట్టు.

మే 25

మేడ మీద తెల్ల పంచె కట్టి, వెనక దీపం పెట్టాం. వీధి పిల్లలు ముగ్గురు, మేనకోడలు. ఒక్కొక్కరికి అరవై ఘడియలు, అంటే అరవై చింతగింజలు. మొదట నూరేళ్ల ఆయుష్షూ లెక్కవేసి ఇద్దామనుకున్నాను. ఏడాదికి 360 రోజుల చొప్పున 77 కోట్ల 76 లక్షల శ్వాసలు వచ్చాయి. “అన్ని ఉంటే ఎవరు భయపడతారు?” అని మేనకోడలు కొట్టిపారేసింది. గుప్పెట్లో పట్టేవి అయితేనే దాచుకోవాలనిపిస్తుంది.

ఆట ఇది: వాగు ఎండిపోయింది, మూడు నాపరాతి గోడల అవతల నీరు ఉంది, బెత్తెడు గోడకు ఇరవై నాలుగు ఘడియలు. మేనకోడలు తానే ఊదుతానంది. మొదటి గోడకు ఇరవై నాలుగు గింజలు డబ్బాలో వేసింది. నేను బొమ్మ మణికట్టు బిగించాను. రెండో గోడకు మరో ఇరవై నాలుగు. మోచేయి, భుజం. తెర మీద నీడ చేయి ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. పిల్లల అల్లరి ఆగింది.

మూడో గోడ ముందు దాని గుప్పెట్లో పన్నెండు గింజలు మిగిలాయి. మిగతా ముగ్గురి ముందూ అరవై చొప్పున నిండుగా ఉన్నాయి. నియమం ప్రకారం ఎవరూ ఇవ్వనక్కర్లేదు, అడగమని కూడా నేను చెప్పలేదు. ఎదురింటి చిన్నవాడు తన గింజలు రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఏడు ముందుకు తోశాడు. వాళ్ల అక్క వాణ్ని చూసి అయిదు తోసింది. మూడోవాడు గుప్పెట మూసుకున్నాడు. వాణ్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఏడు, అయిదు, పన్నెండు. మేనకోడలు అన్నీ కలిపి డబ్బాలో వేసి, పద్దు పుస్తకం నా ముందుకు జరిపింది.

“ఏడు వాడివి, అయిదు అక్కవి. రాయి అత్తా.”